సున్నపు గోడ చెప్పిన నిజం

భీమిలిలో కళ్లజోళ్ల దుకాణం నడిపే గౌరీపతికి ఏ చిక్కు వచ్చినా దాన్ని సరిచేయడం కంటే కనబడకుండా దాచేయడమే సులువుగా తోచేది. మనిషి మంచివాడే, కానీ ఇబ్బందిలో పడితే చిన్న అబద్ధం ఆడి తప్పించుకునేవాడు.

అతను ఉండేది ఎనభై ఏళ్ల నాటి డాబా ఇల్లు. దాని గోడలకు మందపాటి సున్నపు పూత ఉండేది. ఒక వానాకాలం ముందుగది గోడ పొంగి, బీటలు వారింది. భార్య సుభాషిణి అది చూసి, "ఏమండీ, మేస్త్రికి ఒకసారి చూపించండి" అంది.

ఆమె పుట్టింటికి వెళ్లిన రోజు సింహాద్రి మేస్త్రి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా పాత ఇళ్ల గోడలు బాగుచేస్తున్న మనిషి. వేలి కణుపులతో గోడ అంతా తట్టి చూశాడు. ఒకచోట డొల్ల చప్పుడు వచ్చింది.

"పూత గోడని వదిలేసింది బాబూ. డాబా మీద నుంచి నీళ్లు దిగే గొట్టం పగిలింది, ఆ చెమ్మంతా గోడలోకి దిగుతోంది. ముందు గొట్టం మార్చాలి. తర్వాత పాత పూత రాల్చి కొత్తది వేయాలి. నెల పడుతుంది" అన్నాడు.

"నెలా! ఇల్లంతా దుమ్మే కదా మేస్త్రీ. తర్వాత చూద్దాంలే" అన్నాడు గౌరీపతి.

"సరే బాబూ. అంతవరకూ ఆ గోడ కింద మాత్రం ఎవరినీ కూర్చోనివ్వకండి" అని చెప్పి మేస్త్రి వెళ్లిపోయాడు.

గౌరీపతి ఆ సాయంత్రమే బీటల్లో పుట్టీ నింపి, పైన లేత పసుపు రంగు వేశాడు. గోడ కొత్తదానిలా మెరిసింది. తిరిగి వచ్చిన సుభాషిణి, "మేస్త్రి ఏమన్నాడు?" అని అడిగింది.

"పైపై బీటలేనట. ఏం ఫర్వాలేదన్నాడు" అన్నాడు.

ఆమె నమ్మింది. అక్కడ వెలుతురు బాగుందని కుట్టుమిషను తెచ్చి ఆ గోడ పక్కనే వేసుకుంది. గౌరీపతి చూశాడు. వద్దంటే ఎందుకని అడుగుతుందని ఊరుకున్నాడు.

పది రోజుల తర్వాత, సుభాషిణి రవికె కుడుతుండగా చాటంత పెచ్చు ఊడి ఆమె భుజం మీద పడింది. ఎముక చిట్లింది. ఆసుపత్రిలో కట్టు కట్టి, ఆరు వారాలు చెయ్యి కదపవద్దన్నారు.

చూడ్డానికి వచ్చినవాళ్లందరితో ఆమె, "ఆ సింహాద్రి మేస్త్రి ఏం ఫర్వాలేదన్నాడట. అతని మాట నమ్మి ఇలా అయ్యాను" అని చెప్పింది. గౌరీపతి పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. ఆ వారంలోనే ఆ వీధిలో రెండు ఇళ్లవాళ్లు కారణం చెప్పకుండానే మేస్త్రిని పనికి రావద్దన్నారు. ఆ మాట సుభాషిణి చెవినా పడింది.

ఆమెకు దెబ్బ తగిలిందని తెలిసి సింహాద్రి మేస్త్రి వాళ్లింటికి వచ్చాడు. "అమ్మా, ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగాడు.

"ఎలా ఉంటుంది మేస్త్రీ? ఇంత అనుభవం ఉండి, గోడ బాగుందని ఎలా చెప్పావు?" అంది సుభాషిణి.

మేస్త్రి నివ్వెరపోయాడు. గౌరీపతి వైపు చూశాడు. ఎదురు చెప్పకుండా నిలబడ్డ ఆ మనిషిని గౌరీపతి చూశాడు. ఇంకొక్క అబద్ధం చాలు, తను తప్పించుకోవచ్చు. కానీ ఈసారి అతను భార్య వైపు తిరిగాడు.

"మేస్త్రి అలా అనలేదు. ఆ గోడ కింద ఎవరినీ కూర్చోనివ్వొద్దన్నాడు. నేనే నీకు అబద్ధం చెప్పాను" అన్నాడు.

సుభాషిణి అతని వంక చూసింది. "నేను అక్కడ మిషను వేసుకుంటున్నప్పుడు కూడా మీకు తెలుసా?" అంది.

"తెలుసు."

ఆమె కళ్లు తుడుచుకుని, "ఈయన పని పోయింది నా మాట వల్ల. ముందు అది సరిచేయండి" అంది.

గౌరీపతి అప్పుడే బయలుదేరి ఆ రెండు ఇళ్లకూ వెళ్లాడు. గుమ్మంలో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒకాయన మొహం మీదే చీవాట్లు పెట్టాడు. మర్నాడు ఆ రెండు ఇళ్లవాళ్లూ పనికి రమ్మని మేస్త్రికి కబురు పంపారు.

ఆ తర్వాత సింహాద్రి మేస్త్రి గౌరీపతి ఇంటి పని మొదలుపెట్టాడు. గొట్టం మార్చాడు. డొల్లగా ఉన్న పూతంతా రాల్చి గోడని ఆరనిచ్చాడు. సున్నం, ఇసుక కలిపి పలచగా మూడు పూతలు వేశాడు. ఒకటి ఆరాకే రెండోది. ఇల్లంతా దుమ్ము పడింది. గౌరీపతి రోజూ తుడిచాడు, వంట చేశాడు, భార్యకు తల దువ్వాడు. ఆమె చాలా రోజులు అతనితో ముక్తసరిగానే మాట్లాడింది. కట్టు విప్పిన రోజున మాత్రం, "కాఫీ నేను పెడతాను, కూర్చోండి" అంది.

పిల్లలూ, తప్పును దాచిపెడితే దాని బరువు మనల్ని నమ్మినవాళ్ల మీద పడుతుంది. ఒప్పుకున్న రోజునే దాన్ని బాగుచేయడం మొదలవుతుంది.