శంఖం ఊదాక కలిపే నీళ్లు

"స్వామీ, మఠం బాగుపడాలంటే ఇంకెన్ని కట్టుబాట్లు పెట్టాలి?" అని నందికేశుడు మఠం చూడవచ్చిన గురువును అడిగాడు. అడగడమేమిటి, పదిహేడు కట్టుబాట్లు తాటాకుల మీద రాసి పట్టుకునే వచ్చాడు. గురువు సరేనంటే చాలు.

శ్రీశైలం దారిలోని ఆ శాఖామఠానికి అతను అధిపతి అయి మూడేళ్లు. పాత అధిపతుల వైభోగం ఇంతా అంతా కాదు. సత్రంలో పేదలకు పోసే అంబలిని ముందు అధిపతి రుచి చూడాలన్నది మఠం పుట్టిననాటి నియమం. ఆ రుచి కోసం వాళ్లు వెండిగిన్నెలో నేతి పాయసం వేరే వండించుకున్నారు! నందికేశుడు వస్తూనే ఆ గిన్నె విసిరికొట్టాడు. పేదల కాగులోంచే మొదటి గరిటె తాను తాగి, బాగుందంటేనే వడ్డనకు శంఖం ఊదాలన్నాడు. ఒక్కరోజూ తప్పలేదు. తన గరిటెలో అంబలీ ఏనాడూ పలచబడలేదు. అందుకే అతనికి తన మీద తనకు అంత నమ్మకం.

గురువు కేదారశంభువు ఆ ఆకులు విప్పనైనా లేదు. "ఆకలిగా ఉంది, పద" అని సత్రానికి బయల్దేరాడు. నందికేశుడు ఎప్పటిలాగే మొదటి గరిటె తాగి బాగుందన్నాడు. శంఖం ఊదారు. అతను బయటికి రాగానే గురువు తన గొంగళి అతని తలమీదుగా కప్పి, తనతోపాటు వరస చివర నిలబెట్టాడు.

శంఖం ఊది చాలాసేపయినా వరస కదల్లేదు. ముందున్న ముప్పమ్మ అనే ముసలమ్మ వెనక్కి తిరిగింది.

"కొత్తవాళ్లా నాయనా? ఊదాక నీళ్లు కలుపుతారు. కలిపాకే పోస్తారు. ఇక్కడి ఆచారం అది."

అన్నట్టే రెండు బానల నీళ్లు కాగులో పడ్డాయి. అలా నీళ్లతో సరిపెట్టి మిగిల్చిన జొన్నపిండి ఎవరి ఇళ్లకు పోతోందో వరసలో అందరికీ తెలుసు, నందికేశుడికి తప్ప.

"అధిపతితో చెప్పుకోలేదా?" అన్నాడు నందికేశుడు.

"ఆయన బాగుందన్నాకే గదయ్యా శంఖం ఊదేది! ఇంక మా మాట ఎవరు వింటారు? మా పిల్ల పచ్చి బాలింత. ఈ నీళ్లు తాగి తాగి పాలు ఎండిపోయాయి. చంటిది మొన్న సోమవారం పోయింది."

వరస కదిలింది. గురువు ముంతలో అంబలి పోశారు. అడుగు కనిపిస్తోంది. నందికేశుడికి ఒళ్లు మండిపోయింది. గొంగళి విసిరేసి వంటవాడి మెడ పట్టుకున్నాడు.

"కట్టుబాటు తప్పలేదు స్వామీ! తమరు రుచి చూడకుండా ఏనాడూ ఒక్క చుక్క పోయలేదు" అన్నాడు వంటవాడు.

నిజమే, తప్పలేదు. ముప్పమ్మ అధిపతి ముఖం గుర్తుపట్టి, తన ముంతను కొంగుకింద దాచుకుంది.

నందికేశుడు అక్కడే గంటం తీశాడు. "పద్దెనిమిదో కట్టుబాటు రాస్తాను స్వామీ. ఇకమీదట నీళ్లు కలిపాకే రుచి చూడాలి."

కేదారశంభువు తన ముంత అతని చేతిలో పెట్టాడు.

"ఈ వరసలో నిలబడి నెల్లాళ్లు ఇదే తాగు. అప్పటికీ గంటం ఎత్తే ఓపిక మిగిలితే రాద్దువుగాని."