లక్క వేసిన కూడలి

ఎర్రగుట్ట మీది జంతువులకు ఒకరి గడప ఒకరు తొక్కే అలవాటు లేదు. బొరియకూ బొరియకూ నడుమ ముళ్లపొదలు, ఎండిన వాగులు. అందుకని పూర్వులు ప్రతి నివాసం నుండీ గుట్ట నడిమి బండ దాకా బోలు వెదురు గొట్టాలు పరిచారు. అవన్నీ కలిసే చోటును కూడలి అనేవారు. అక్కడొక తొర్రమొద్దు ఉండేది. ఎవరు పలికినా ఆ మాట తొర్రలో పడి అన్ని గొట్టాల్లోకీ పాకేది. అడవిపంది గురక సైతం అందరూ వినవలసిందే. చివరికి ఆ మొద్దును చెదలు తినేశాయి.

"ఈసారి ఎవరికి చెప్పిన మాట వారికే చేర్చే కూడలి కావాలి. దాన్ని ఎంచే బాధ్యత శలాకమ్మది" అని గుట్టపెద్ద మనుబోతు నిర్ణయించింది.

శలాకమ్మ ముసలి ముళ్లపంది. పడమటి కొసన, అన్నిటికన్న పొడవైన గొట్టం చివర, ఒంటరిగా ఉండేది.

"నన్నే ఎందుకు?" అంది.

"నీకు చుట్టం లేదు, స్నేహం లేదు. ఎవరి పక్షమూ వహించవు" అంది మనుబోతు, మెచ్చుకోలుగానే.

శలాకమ్మ తల వంచి ఒప్పుకొంది. అది పొగడ్తో కాదో బొరియ చేరేదాకా తేల్చుకోలేకపోయింది.

కూడలి ఇస్తామని ఇద్దరు వచ్చారు. మొదటివాడు గిజిగాడు. రెల్లుతో అల్లిన బుట్ట తెచ్చి, మూత తీసి చూపించాడు.

"లోపల ఇంతే పెద్దమ్మా. గొట్టానికో రెల్లు రెప్ప, ఇంటికో ఈల. ఎవరి ఈల వేస్తే వారి రెప్ప తెరుచుకుంటుంది. తెగితే మీరే అల్లుకోవచ్చు."

"మాట బాగా వినిపిస్తుందా?"

"పలికినంత వినిపిస్తుంది. అవతలివాళ్లు పలకకపోతే నేనేం చేసేది?"

"కాస్త మెత్తగా చెబితే నీ సొమ్మేం పోయింది?"

"నేను అల్లేవాణ్ణి పెద్దమ్మా, పాడేవాణ్ణి కాను."

రెండవవాడు నక్క. వస్తూనే, "పిన్నీ, నడుం నొప్పి ఎలా ఉంది?" అని అడిగాడు. అతను తెచ్చింది మట్టి మెత్తిన పెద్ద దుంగ. ప్రతి అతుకు మీదా ఎర్రని లక్క.

"లోపల ఏముంది?"

"అది మా వంశ రహస్యం పిన్నీ. లక్క కదిపితే నా పూచీ లేదు. పది రోజులు పెట్టుకు చూడండి. నచ్చకుంటే నేనే ఈడ్చుకుపోతాను."

ముందుగా గిజిగాడి బుట్టను పది రోజులు పెట్టారు. ఆ పది రోజుల్లో శలాకమ్మ గొట్టంలో ఒక్క పిలుపూ మోగలేదు. పొడవైన గొట్టం కదా, మాటలు దారిలోనే ఆగిపోతున్నాయి కాబోలు, బుట్టలో సత్తువ లేదు అనుకుంది.

తరువాత నక్క దుంగ పెట్టారు. మొదటి సాయంత్రమే గొట్టంలోంచి కుందేలు గొంతు వినవచ్చింది.

"పిన్నీ, తిన్నావా?"

నములుతున్న వేరు శలాకమ్మ నోటి నుండి జారింది. ఆమెను ఆ మాట అడిగినవారు లేక ఎన్నో వానకాలాలు గడిచాయి.

"తిన్నానమ్మా. నువ్వో?"

అప్పటి నుండి ప్రతి సాయంత్రం పిలుపు వచ్చేది. ఏడు రోజుల్లో శలాకమ్మ తన పాత బొరియ కూలిన సంగతి చెప్పింది, పోయిన తోడు సంగతి చెప్పింది, రాలిన ముళ్లను ఏ మూల దాస్తుందో కూడా చెప్పింది. కూడలి అంటే ఇదీ అనుకుంది. మనుబోతుకు చెప్పవలసిన మాట సిద్ధం చేసుకుంది.

ఎనిమిదవ నాడు కుందేలు స్వయంగా వగరుస్తూ వచ్చింది.

"శలాకమ్మగారూ, కూడలి ఎంచేది మీరేనటగా? మా గొట్టం నిండా చీమలు పుట్ట పెట్టాయి. నాలుగు రోజులుగా మాట పోదు, రాదు. ఎవరినైనా పంపించండి."

శలాకమ్మ ముళ్లు ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయి.

"నిన్న సాయంత్రం నువ్వు నాతో మాట్లాడలేదూ?"

"నేనా? మీతో నాకేం మాటలుంటాయండీ?"

కుందేలు ఆ మాట నొప్పించాలని అనలేదు. అందుకే ఎక్కువ నొచ్చింది.

కుందేలు వెళ్లిన తరువాత శలాకమ్మ చాలాసేపు గొట్టం ముందు కూర్చుంది. పొద్దు వాలగానే, "పిన్నీ, తిన్నావా?" అని వినవచ్చింది. అదే గొంతు. కుందేలు తనను గారు అంటుంది. పిన్నీ అనేది గుట్ట మొత్తం మీద నక్క ఒక్కడే.

నోరు మూసుకుంటే ఈ గొంతు తనకు రోజూ దక్కుతుంది. కానీ కుందేలుకు పసిపిల్లలున్నాయి. ఇలా పలకగలిగినది వినకుండా ఉంటుందా? తల్లి మేతకు వెళ్లే వేళ ఎవరి చెవిన పడుతున్నట్టు?

"తిన్నాను" అంది శలాకమ్మ. ఆనాడు ఆమె ఏమీ తినలేదు.

మరునాడు అందరినీ తన బొరియ ముందుకు పిలిపించింది. కుందేలును పక్కన కూర్చోబెట్టుకుంది. నక్క ముందు వరుసలో చేరి, మీసం నాక్కుంటూ, "పిన్ని మెచ్చాక ఇక పరీక్షలెందుకు?" అన్నాడు.

"మెచ్చినందుకే" అంది శలాకమ్మ. కుందేలు వైపు తిరిగి, "నోరు గట్టిగా మూసుకో" అని, గొట్టంలోకి వంగింది. "కుందేలమ్మా, పిల్లలు కులాసానా?"

గొట్టంలోంచి తియ్యగా జవాబు వచ్చింది. "కులాసా పిన్నీ! నువ్వు తిన్నావా?"

అందరూ కుందేలు మూతి వైపు చూశారు. అది మూసే ఉంది.

"ప్రతిధ్వని!" అన్నాడు నక్క. "కొత్త సరుకు, సర్దుకుంటుంది."

"ప్రతిధ్వని నన్ను తిన్నావా అని అడుగుతుందా? అడిగే పాటి అయితే నేను ఎన్నడో ఏ లోయలోనో కాపురం పెట్టేదాన్ని" అంది శలాకమ్మ.

మనుబోతు అందరినీ వెంటబెట్టుకుని కూడలికి నడిచి ఒక్క గిట్టతో లక్క పగలగొట్టింది. లోపల కాలికి తాడు కట్టిన గోరువంక! దాని వెనుక నుండి ఒక దొంగ గొట్టం మట్టి కింద కింద పోయి, గుట్ట మాటలన్నీ వినబడేలా నక్క గుహలో తేలింది. "తిన్నావా? తిన్నావా?" అంటూ గోరువంక ఎగిరిపోయింది. అడవిపంది కోరలు చాచి తరుముకు రాగా, నక్క తన దుంగనూ వంశ రహస్యాన్నీ వదిలేసి, తోక ముడిచి గుట్ట దిగాడు.

గిజిగాడి బుట్ట మళ్లీ కూడలికి చేరింది. కుందేలు గొట్టంలోని పుట్టను తీయించారు. ఆ సాయంత్రం శలాకమ్మ గొట్టం దగ్గర కూర్చుంది. ఏ పిలుపూ రాలేదు. ఈసారి బుట్టను తప్పుపట్టలేదు. చాలాసేపు తటపటాయించి, తానే కుందేలు ఈల వేసింది.

"తిన్నావా అమ్మా?"

అవతల నుండి అనుమానంగా, "ఎవరది? ఆ పక్షి కాదు కదా?" అని వినబడింది.

"కాదు. నేను, శలాకమ్మను."

"ఆఁ, తిన్నానండీ" అంది కుందేలు. తిరిగి అడగలేదు. రెల్లు రెప్ప మూసుకుంది.

శలాకమ్మ పక్కనున్న వేరును తీసుకుని నెమ్మదిగా నమలసాగింది. ఆ నాలుగు మాటలూ పొడిగానే ఉన్నాయి. కానీ కుందేలువే.

నీతి: ఏ సాధనాన్ని ఎంచినా అది మన మనసుకు ఎంత హాయినిచ్చిందని కాక, అవతలివారి మాటను ఉన్నదున్నట్టు చేర్చిందా అని చూసి ఎంచాలి.