తీతువు చెట్టు దిగిన రోజు

ఒకప్పుడు తీతువుపిట్టకు కూడా చెట్టు మీదే ఇల్లుండేది. ఇప్పటిలా బీళ్ళలో, రాళ్ళలో గుడ్లు పెట్టుకునే ఖర్మ దానికి లేదు. వాగొడ్డున పెద్ద మద్దిచెట్టు ఉంటే, దాని చిటారుకొమ్మన గూడు కట్టుకుంది. కింద తొర్రలో గోరింక, ఆ పక్క కొమ్మన గువ్వ, అందరికంటే కింద కొంగతాత. నీళ్ళకు దగ్గరగా ఉంటే చేపలు బాగా దొరుకుతాయని ఆయన ఆశ.

తీతువుకు ఒక గుణముంది. ఇరుగుపొరుగు సంగతి పట్టించుకోకుండా ఉండలేదు. పొద్దున్నే లేచి, "గోరింక వదినా, పిల్ల లేచిందా? గువ్వక్కా, నిన్నటి గాలికి నీ గూడు సడలలేదు కదా?" అని అందరినీ పలకరించేది. ఎవరైనా మేతకు బయల్దేరితే, "వెళ్ళిరండి, పిల్లల్ని నేను చూస్తుంటా" అనేది. చూసేది కూడా. చాలామంది అంటారు గానీ చూడరు.

అందరికంటే పైన ఉంటుంది కదా, ఏది వచ్చినా దానికే ముందు కనబడేది. డేగ కనబడితే "టిట్టిట్టీ! డేగ! డేగ!" అని గొంతు చించుకునేది. క్షణంలో చెట్టు మీద ఒక్క పిల్ల కూడా బయట ఉండేది కాదు. పాము పాకుతూ వస్తే మళ్ళీ అరిచేది. అందరూ కలిసి పొడిచి దాన్ని వెళ్ళగొట్టేవారు. వాగు పొంగిన రోజు ముందు అరిచింది కూడా అదే. లేకపోతే కొంగతాత గూటితో సహా ఆ రోజే కొట్టుకుపోయేవాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పడు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం డేగ వచ్చింది. తీతువు ఎప్పటిలాగే అరిచింది. గోరింక అప్పుడు వాగులో స్నానం చేస్తోంది. రెక్కలు తడిసి, సమయానికి ఎగరలేకపోయింది. దాని ఒక్కగానొక్క పిల్ల తొర్ర అంచున కూర్చుని అమ్మ కోసం చూస్తోంది. డేగ దాన్ని ఎత్తుకుపోయింది.

గోరింక గుండె పగిలేలా ఏడ్చింది. తీతువూ ఏడ్చింది. ఓదారుద్దామని దగ్గరికి వెళ్ళింది.

"రాకు!" అంది గోరింక. "నువ్వు అరిచావు, వాడొచ్చాడు."

"అదేంటి వదినా! వాడు వస్తున్నాడనే కదా నేనరిచింది?"

"మొన్న అరిచావు, పామొచ్చింది. అంతకుముందు అరిచావు, వాగొచ్చింది. నువ్వు అరవని రోజు ఏదైనా వచ్చిందా? చెప్పు!"

చెట్టంతా గుసగుసలు మొదలయ్యాయి. నిజమే సుమా, తీతువు అరవని రోజు ఏదీ రాలేదు. ఇన్నాళ్ళూ మనకీ మాట తట్టలేదేం అని అందరూ ఆశ్చర్యపోయారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంటే ఇదే పిల్లలూ.

కొంగతాత ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పాడు. "నీది పాడునోరు తల్లీ. అయినా గూట్లో గుడ్లున్నదానివి, వెళ్ళగొట్టం. మేం మరీ అంత చెడ్డవాళ్ళం కాదు. కానీ ఈ చెట్టు మీద ఇక నీ గొంతు వినబడకూడదు. వినబడిందో, ఆ రోజే నీ గూడు ఉండదు."

తీతువు గూట్లో నాలుగు గుడ్లున్నాయి. రేపో మాపో పిల్లలయ్యేలా ఉన్నాయి. ఆ పిల్లలు ఎగిరేదాకా గూడు నిలిస్తే చాలనుకుంది. తల వంచుకుని "సరే తాతా" అంది.

రెండు రోజులు నోరు మెదపలేదు. ఎవరూ దాన్ని పలకరించలేదు కూడా. గువ్వ ఒక్కతే, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, "తిన్నావా?" అని మెల్లగా అడిగింది. ఇంతలో గోరింక రెక్కల చప్పుడైతే మొహం తిప్పేసుకుంది.

మూడోరోజు తెలతెలవారుతుండగా త్రాచుపాము వచ్చింది. తీతువు చూసి, నోరు గట్టిగా మూసుకుంది. పాము మాను ఎక్కింది. గువ్వ ఉన్న కొమ్మవైపు తిరిగింది. గూట్లో గువ్వ, ఇంకా కళ్ళు తెరవని దాని పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు.

చిటారుకొమ్మ సన్నం. పాము అక్కడిదాకా ఎక్కలేదు. నోరు మూసుకుని కూర్చుంటే తీతువుకు తన గూడు తనకుంటుంది, తన గుడ్లు తనకుంటాయి. అది గుడ్ల వంక చూసుకుంది. గువ్వ పిల్లల వంక చూసింది. ఆగలేకపోయింది.

"గువ్వక్కా! పాము! లే! లే!"

గువ్వ లేచింది. అందరూ లేచారు. పొడిచి, రక్కి, పామును కిందికి తోసేశారు. గువ్వ పిల్లలిద్దరూ బతికారు.

ఆయాసం తీరాక అందరూ తలెత్తి పైకి చూశారు.

"మళ్ళీ అరిచింది," అంది గోరింక. "అరిచింది, పామొచ్చింది. చూశారుగా?"

"గువ్వక్కా, నువ్వైనా చెప్పు!" తీతువు బతిమాలింది. "ముందు పామొచ్చిందా, ముందు నేనరిచానా?"

గువ్వకు తెలుసు. అది కళ్ళు తెరిచేసరికి పాము గూటి అంచు మీదే ఉంది. కానీ ఆ మాట చెప్పాలంటే గోరింకకు ఎదురు చెప్పాలి, కొంగతాతకు ఎదురు చెప్పాలి. రేపట్నుంచి వాళ్ళ మధ్యే బతకాలి.

"నేను నిద్రలో ఉన్నాను. నాకేం తెలుసు?" అంది.

గోరింక రివ్వున పైకి ఎగిరింది. అడ్డొచ్చిన తీతువును కళ్ళ దగ్గర నెత్తురొచ్చేలా పొడిచింది. గూడును కాలితో తోసేసింది. నాలుగు గుడ్లూ కింద రాళ్ళ మీద పడ్డాయి. ఒక్కటీ మిగల్లేదు. చెట్టు మీద ఎవరూ కదల్లేదు. కొంగతాత కళ్ళు మూసుకున్నాడు, ఆయనకది అలవాటే.

ఇక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోతుంది. గోరింక మీద కాదు. పిల్లను పోగొట్టుకున్నదానికి మతి ఎక్కడుంటుంది? నా కోపమంతా గువ్వ మీద.

తీతువు చెట్టు దిగింది. వాగు దాటి, చెట్టూ చేమా లేని బీడులోకి వెళ్ళిపోయింది. మరుసటేడు గులకరాళ్ళ మధ్య, ఉత్త నేల మీద గుడ్లు పెట్టింది. గూడు కట్టలేదు. కిందే పెట్టిన గుడ్లను ఇంకెవరు కిందికి తోస్తారు?

ఇక ఎవరి జోలికీ పోనని ఒట్టు కూడా పెట్టుకుంది పాపం. ఆకాశంలో మళ్ళీ డేగ కనబడేదాకే ఆ ఒట్టు నిలిచింది.

అప్పటినుంచే తీతువు నేల మీద గుడ్లు పెడుతోంది. అప్పటినుంచే దాని కళ్ళ ముందు ఆ ఎర్రటి మచ్చ. అప్పటినుంచే, ఏ చిన్న అలికిడైనా బీడంతా మోగేలా అరుస్తోంది. ఆ కూత చెవినబడగానే చెట్ల మీది పిట్టలన్నీ పిల్లల్ని రెక్కల కింద దాచుకుంటాయి. దాచుకున్నాక, "పాడుపిట్ట, మళ్ళీ కూసింది" అని తిట్టుకుంటాయి.