పట్టాల బండి, డోలీ కర్ర

బండి తయారైపోయిందంటుంది పైడితల్లి. కాలేదంటాడు ఉస్తాదు మౌలా సాయిబు. ఎందుకు కాలేదో మాత్రం చెప్పడు. ఆమె ఒళ్ళు మండేది అక్కడే.

పాడేరు కొండల్లో రోడ్డు లేని ఊళ్ళున్నాయి. నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి, కర్ర భుజాన వేసుకుని కిందికి దింపాలి. ఆ మోత తప్పిద్దామని పైడితల్లి ఒక చిన్న బండి కట్టింది. టైర్లుండవు, పొక్లెయినుకున్నట్టు అటూ ఇటూ ఇనప పట్టాలు. మెకానిక్కు పని సగం ఉస్తాదు దగ్గర నేర్చింది, సగం తనే విప్పి, పాడుచేసి నేర్చింది.

మొదట్లో రాయెక్కినప్పుడల్లా పట్టా లోపలుండే చక్రాలు ఊగి, పట్టా ఊడిపోయేది. విసుగెత్తి వాటి స్ప్రింగులు పీకేసి, చక్రాలన్నీ చట్రానికి వెల్డింగు కొట్టేసింది. ఇక ఊడితే ఒట్టు! బండి ఇసుక బస్తాలు వేసుకుని గెడ్డలో నీళ్ళు దాటింది, బండలెక్కింది.

"కొర్రా సుందరమ్మకి నెలలు నిండాయి ఉస్తాద్. ఈ బండి మీదే దింపుతానని మాటిచ్చేశాను."

ఆయన బీడీ ఆర్పేశాడు. "బస్తాలు దించు. నువ్వు పడుకో."

పడుకుంది. ఆయన బండిని రాళ్ళదారిన పట్టించాడు. ప్రతి రాయీ నేరుగా వెన్నులోకి వచ్చి తగిలింది. నాలుక కరుచుకుంది.

"ఆపండి!"

"ఏం, పట్టా ఊడిందా?"

"లేదు."

"మరింకేం?" మళ్ళీ పోనిచ్చాడు.

కిందికి దిగేసరికి ఆమె చెయ్యి తనకు తెలీకుండానే కడుపు మీద ఉంది. గట్టున కూర్చున్న సుందరమ్మ మొగుడు బాలన్న, అతని తమ్ముడు పకపకా నవ్వారు.

"బండి మంచిదే చెల్లీ. ఆస్పత్రిదాకా ఎందుకు, సగం దారిలోనే పురుడైపోద్ది!"

ఉస్తాదు నవ్వలేదు. "మీ డోలీ కట్టండి. ఇదే దారిలో ఈ పిల్లని మోయండి."

అవే రాళ్ళు. ముందున్న బాలన్న "రాయి" అంటాడు, వెనక తమ్ముడి మోకాలు వంగుతుంది. "గుంత" అంటాడు, కాలు సాగుతుంది. డోలీలో పడుకున్న పైడితల్లికి బాలన్న పిక్కలు కనిపిస్తున్నాయి. మోకాళ్ళు ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. ఏ కాలి రాయిని ఆ కాలే మింగేస్తోంది. భుజం మీది కర్ర మాత్రం, కాకి వాలినా ఎగరనంత నిమ్మళంగా ఉంది.

దిగగానే ఆమె వంగి, కదలకుండా బిగిసిన బండి చక్రాలకేసి చూసింది.

"అన్నా, సుందరమ్మని ఈసారికి డోలీలోనే దింపండి," అంది.

బాలన్న తలూపాడు. ఈసారి ఎకసెక్కమాడలేదు.

ఆమె బండి కింద దూరి, తను కొట్టిన వెల్డింగులు కొయ్యడానికి గ్రైండరు అందుకుంది. మీట నొక్కబోయి ఆగింది.

"ఇవి కోసి స్ప్రింగులు పెడితే మళ్ళీ పట్టా ఊడుద్ది ఉస్తాద్."

"ఊడనీ," అన్నాడు మౌలా సాయిబు. "పట్టాయే కదా. మళ్ళీ ఎక్కించుకోవచ్చు."