భయానికి కొలత

గవ్వలపురిలో మహమ్మారి తగ్గుముఖం పట్టి మూడు నెలలైంది. జనంలో భయం ఇంకా ఎంతుందో కొలిచి చెప్పమని రాజుగారు మంత్రి భుజంగరాయుణ్ణి ఆజ్ఞాపించారు. భయం పోయిందంటే వైద్యుల్నీ, ఉచిత గంజినీ ఆపేద్దామని ఆయన ఆలోచన.

మంత్రి ఇంటింటికీ భటుల్ని పంపాడు. గుమ్మంలో బల్లెం పట్టుకుని "భయంగా ఉందా?" అని గద్దిస్తే ఉందనేదెవరు? పూలమ్మే సూరమ్మ కూడా "అబ్బే, లేదు బాబూ" అనేసింది. తీరా ఆ జవాబుతో జబ్బుపడ్డ మనవరాలికి గంజి ఆగిపోతుందని తెలిసి, ఒళ్లు మండి తిన్నగా సభకు వెళ్లింది.

"ఊళ్లో భయమన్నదే లేదు ప్రభూ!" అంటున్నాడు మంత్రి.

సూరమ్మ ఆయన పక్కనే నిలబడి ఖళ్లుఖళ్లున దగ్గింది. మంత్రి తలపాగా జారిపోతున్నా ఆగకుండా పరుగెత్తి స్తంభం చాటుకు చేరాడు.

సూరమ్మ నేలమీద చతికిలబడి, పూలదండ కొలిచినట్టే మోచేత్తో మూరలు వేసుకుంటూ స్తంభం దాకా జరిగింది.

"పదకొండు మూరలు ప్రభూ, మంత్రిగారి భయం. నేనేమీ అడగలేదు, ఆయనేమీ చెప్పలేదు. అయినా కొలత వచ్చేసింది."

రాజుగారు నవ్వు ఆపుకుంటూ, "నీకు జబ్బా ఏమిటమ్మా?" అన్నారు.

"లేదు ప్రభూ, పొద్దున పెట్టిన మిరపకాయల పోపు ఘాటు!"

గంజి ఆగకూడదనీ, మంత్రే బల్లేలు లేకుండా వీధివీధికీ తిరిగి, జనం ఎలా బతుకుతున్నారో కళ్లారా చూసి రావాలనీ రాజుగారు ఆజ్ఞాపించారు.

"రండి దొరా, మా వీధితోనే మొదలెడదాం," అంది సూరమ్మ. "అందరూ పోపు పెట్టుకునే వేళ!"