దాలమ్మ పెంపకం

మసకకొండ మీద చలికాలమంతా మంచు వీడదు. మిట్టమధ్యాహ్నం కూడా పక్కనున్న చెట్టు కనపడదు.

ఆ కొండ కింది అడవిలో జంతువులన్నీ కలిసి ఒక కట్టుబాటు చేసుకున్నాయి. తల్లీతండ్రీ పోయిన పిల్లల్ని ఎవరో ఒకరు సాకాలి. సాకేవాళ్ళు పిల్లలచేత చాకిరీ చేయించకూడదు. తోడబుట్టినవాళ్ళని విడదీయకూడదు. పెద్దల తరఫున ఒకరు అప్పుడప్పుడూ వెళ్ళి, పిల్లల్ని కళ్ళారా చూసి, సాకేవాళ్ళు దగ్గర లేకుండా మాట్లాడి రావాలి. పిల్లల్ని అప్పగించే రోజున అడవిదున్న బండెయ్య ఈ సంగతులన్నీ పిల్లలకే చెప్పేవాడు. "ఇవి మాకంటే మీకు బాగా తెలియాలి" అనేవాడు.

ఆ ఏడు వరదకి ఒక దుప్పి కుటుంబం కొట్టుకుపోయింది. ఆ ఇంటి పిల్లలు గురివి, దాని తమ్ముడు కందు మాత్రం మిగిలారు. ఎవరి గోల వాళ్ళకి ఉన్న కాలం. ముందుకొచ్చింది దుమ్ములగొండి దాలమ్మ ఒక్కతే.

"నువ్వా?" అన్నాడు బండెయ్య.

"నేను చచ్చినవే తింటానని మీకు తెలీదా బాబూ? బతికున్నదాని మీద ఏనాడైనా పన్ను దించానా? నా పిల్లలూ ఈ వరదకే పోయారు. నా ఒడి ఖాళీగా ఉంది" అని కళ్ళు ఒత్తుకుంది దాలమ్మ. పెద్దలు కరిగిపోయి పిల్లల్ని అప్పగించారు. దాలమ్మ వాళ్ళని మసకకొండ మీది తన గుహకి తీసుకెళ్ళింది.

పిల్లల్ని చూసి రమ్మని నెమలిని పంపేవారు. నెమలికి తన తోకంటే ప్రాణం. కొండ ఎక్కితే ముళ్ళకంపలు తగులుతాయని కిందే నిలబడి "పిల్లలూ, బాగున్నారా?" అని కేకేసేది. "బాగున్నాం" అని పైనుంచి ఒక గొంతు వినిపించేది. నెమలి తిరిగొచ్చి "బంగారంలా ఉన్నారు" అనేది.

చలి ముదిరాక అడవిలో ఆడదుప్పులు ఒక్కొక్కటే కనపడకుండా పోవడం మొదలైంది. అన్నీ మసకకొండ వాగు వైపు వెళ్ళినవే. మంచులో ఏదో పసిబిడ్డ ఏడుస్తోందని, చూసొస్తానని వెళ్ళినవే.

ఈసారి పెద్దలు నెమలిని ఆపి, గుడ్డెలుగు పైడమ్మని పంపారు. పైడమ్మకి చూపు తక్కువ. నడక నెమ్మది. ముక్కు మాత్రం గట్టిది.

సగం కొండ ఎక్కేసరికి ఆమెకీ ఆ ఏడుపు వినిపించింది. "అమ్మా... అమ్మా..." మంచులో ఎటునుంచి వస్తోందో తెలియలేదు. ఒకసారి ఎడమ పక్క, ఒకసారి చెవి దగ్గరే. ఆమె దగ్గగానే ఏడుపు టక్కున ఆగిపోయింది.

గుహ ముందు నేలంతా శుభ్రంగా ఉంది. ఒక్క ఎముక లేదు. ఒక్క పిట్ట కూయడం లేదు.

"రా వదినా, రా! ఈ చలిలో పాపం ఎంత దూరం వచ్చావు!" దాలమ్మ నవ్వింది. నవ్వవలసినంత మాట అక్కడ ఏమీ లేదు. "ఒసే గురివీ, పెద్దమ్మకి దణ్ణం పెట్టు."

గురివి వచ్చి నిలబడింది. "బాగున్నాం పెద్దమ్మా" అంది. పైడమ్మ అప్పటికింకా ఏమీ అడగనే లేదు.

"గొంతు బొంగురుపోయిందేం?"

"దానికి ఈ మంచు పడలేదు వదినా" అంది దాలమ్మ.

"నేను దాన్నడిగాను. నువ్వు కాస్త అవతలికి వెళ్ళు. పిల్లతో ఒక్కదాన్నే మాట్లాడాలి."

"అయ్యో, దానికేం! వాగు దాకా వెళ్ళొస్తాను." దాలమ్మ అడుగుల చప్పుడు మంచులో కలిసి, మెల్లగా తగ్గి, ఆగిపోయింది.

పైడమ్మ గాలి పీల్చింది. దాలమ్మ వాసన తగ్గలేదు. పక్కనున్న బండ వెనక నుంచి వెచ్చగా, చిక్కగా వస్తోంది.

గురివికీ అది తెలుసు. దాని చెవులు ఆ బండ వైపే తిరిగి ఉన్నాయి. పైడమ్మ ఏమీ ఎరగనట్టు అడిగింది: "నీకిక్కడ ఏ లోటూ లేదా తల్లీ?"

"లేదు పెద్దమ్మా. బాగున్నాం."

పైడమ్మ ఊరుకుంది. అప్పుడు గురివి నేల చూస్తూ, గాలికి కూడా వినపడనంత సన్నగా మొదలుపెట్టి, చివరికి గట్టిగానే అనేసింది: "మరి... తమ్ముణ్ణి చూడరా పెద్దమ్మా? ఇద్దర్నీ చూడాలని బండెయ్య తాత చెప్పాడు."

బండ వెనక ఊపిరి ఒక్కసారిగా ఆగింది.

లోపల ఎక్కడో కందు ఉన్నాడు. ఇప్పుడు తను దాలమ్మ మీద పడితే అది ముందు గుహలోకి దూరి వాణ్ణి పట్టుకుంటుంది. ఆ సంగతి పైడమ్మకి అర్థమైంది. ఆమె గొంతు పెంచింది.

"చూడకేం! అందుకేగా వచ్చాను. నిన్న ఇంకో రెండు దుప్పిపిల్లలు అనాథలయ్యాయి. ఎంత బొద్దుగా ఉన్నాయో! దాలమ్మ చేతికే ఇద్దామనుకుంటున్నారు పెద్దలు. కాకపోతే, ముందిచ్చిన ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారని నేను చూసి చెప్పాలి. ఒక్కదాన్నే చూశానంటే ఒప్పుకోరు. పాపం, వాగు దాకా వెళ్ళింది. ఎప్పుడొస్తుందో ఏమో, నేను వెళ్తానులే."

"ఇదిగో వదినా, వచ్చేశా!" దాలమ్మ బండ వెనక నుంచే వచ్చింది. గుహలోకి దూరి, కందుని మెడ పట్టుకుని తీసుకొచ్చింది. ఎండ తగలని ఆకులా పాలిపోయి ఉన్నాడు వాడు.

"అక్క పక్కన దింపు. కడుపు నిండిందో లేదో వాసన చూస్తాను" అంది పైడమ్మ.

దాలమ్మ దింపింది. ఆ క్షణంలోనే పైడమ్మ వెనక కాళ్ళ మీద లేచి, పిల్లలకీ దాలమ్మకీ మధ్య కొండలా నిలబడింది.

"ఇప్పుడు చెప్పు గురివీ. దాని పన్ను నా ఒళ్ళు దాటి మీ దాకా రాదు."

గురివి చెప్పింది. "మంచు పట్టినప్పుడు నన్ను వాగు ఒడ్డున నిలబెడుతుంది. అమ్మా అని ఏడవమంటుంది. ఏడవకపోతే తమ్ముడి చెవి పళ్ళ మధ్య పెట్టుకుంటుంది. ఏడిస్తే ఎవరో ఒక అమ్మ వస్తుంది. ఎవరి బిడ్డవే తల్లీ అని నన్ను నాకుతుంది. పారిపొమ్మని చెబుదామనుకుంటాను. నోరు రాదు. ఆ తర్వాత..."

"పసిపిల్ల కలవరింత!" దాలమ్మ నవ్వింది. "నా పిల్లలు, నా ఇష్టం. మీరెవరు అడగడానికి?" అంటూ పక్కనుంచి దూకబోయింది. పైడమ్మ పంజా దాని మూతి మీద పడింది. దాలమ్మ దొర్లుకుంటూ మంచులోకి పోయింది. నవ్వు మాత్రం చాలాసేపు వినిపించింది.

బండెయ్య కుర్రదున్నల్ని పంపి దాన్ని పట్టి తెప్పించాడు. పెద్దల ముందూ దాలమ్మ అదే మాట పట్టుకుంది: "తిండి పెట్టాను. నావాళ్ళు."

"నీకిచ్చింది పెంపకం. పిల్లల్ని ఇవ్వలేదు" అన్నాడు బండెయ్య. దాన్ని అడవి పొలిమేర దాటించారు. కొండ ఎక్కకుండా బాగున్నారని చెప్పిన నెమలిని, ఇక పిల్లల సంగతి చూసే పనిలోంచి తీసేశారు.

గురివి తలెత్తలేదు. ఎదురుగా దుప్పుల మంద. "పిలిచింది నేనే. నా గొంతు వినే వచ్చారు అందరూ" అంది.

మందలోంచి ముసలి దుప్పి నూకమ్మ ముందుకొచ్చింది. వాగుకి వెళ్ళి రానివాళ్ళలో ఆమె చెల్లెలు ఒకతె. గురివి వెనక్కి తగ్గింది. నూకమ్మ దాని నుదురు వాసన చూసి అంది: "నువ్వు పిలవలేదే. నీచేత పిలిపించారు. బండెయ్యా, వీళ్ళని నేను సాకుతాను."

"నన్నడిగి లాభం లేదు. వాళ్ళనడుగు" అన్నాడు బండెయ్య.

నూకమ్మ కందు వైపు వంగింది. "నాతో వస్తావా నాయనా?"

వాడు అక్క మొహంలోకి చూశాడు. బాగున్నాం అనడం తప్ప వాడికి ఇంకో జవాబు రాదు. మంద అంతా వాడి కోసం ఆగింది.

చాలాసేపటికి వాడు నోరు విప్పాడు. "మీ ఇంట్లో ఎండ వస్తుందా?" అన్నాడు.

పెంపకానికి ఇచ్చిన పిల్లల బాగోగులు పెంచేవాళ్ళ నోట వింటే చాలదు. భయం అందనిచోట పిల్లల్నే అడగాలి, వాళ్ళు నోరు విప్పేదాకా ఆగాలి.