ఏకులపల్లె చూడని కుండ

2019 మే 24, శుక్రవారం. రంజాన్ నెల. సగిలేటిలో చుక్క నీరు లేదు. పొద్దెక్కగానే మొదలైన వడగాలి ఇసుకను లేపి దర్గా గోడలకు కొడుతూ ఉంది. పడమట కాస్త మబ్బు కనిపించి, ఆశ పెట్టి, చినుకు రాల్చకుండానే పోయింది. అంత ఎండలోనూ ఏకులపల్లె కంబళి షావలి దర్గా వెనక గోడ దగ్గర జనం బిందెలతో వరుసగా నిలబడి ఉన్నారు. చాలామంది ఒక్కపొద్దులో ఉన్నవారే. ఈ ప్రాంతంలో రోజాను, అంటే రంజాన్ ఉపవాసాన్ని, ఒక్కపొద్దు అనే అంటారు. పెదవులు ఎండిన ఆ మనుషులు ఒకరి తర్వాత ఒకరు గోడలోని రాతి తూములో నీళ్లు పోసి, అవతల ఏముందో చూడకుండా వెనుదిరుగుతున్నారు.

అవతల ఉన్నది ఒక మట్టి కుండ. గోడకు ఆ వైపు గూట్లో ఉంటుంది. దానికి తాటాకు తడికల మరుగు. నిండి పొర్లిన నీళ్లు పక్కనున్న తొట్టిలోకి పోతాయి, వాటిని గొర్రెలు తాగుతాయి. రంజాన్ పగళ్లలో ఆ తడికల చాటుకు ఎవరైనా వెళ్లి దాహం తీర్చుకోవచ్చు. ఎవరు వెళ్లారని చూడకూడదు, ఎందుకు తాగారని అడగకూడదు. నీళ్లు మానే నెలలో నీళ్ల కుండకు ఇంత మర్యాద ఎందుకని కొత్తగా వచ్చిన యాత్రికులు అడుగుతారు. అందుకు ఈ కథ.

పూర్వం ఇక్కడ దూదేకులవారి ఇళ్లే ఉండేవి. ఊరంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా దూది ఏకే విల్లుల మోతతో మోగేది. ఆ పని చూడనివారికి చెప్పాలి: నారిని కొయ్య గుండుతో మీటితే దూది పొగలా లేస్తుంది, ముక్కులో, గొంతులో దూరుతుంది. మామూలు రోజుల్లోనే గుక్కగుక్కకూ నీళ్లు తాగితే తప్ప సాగని పని. అలాంటి పని చేస్తూ, నడివేసవి రంజాన్‌లో కూడా, మీసం రాని వయసు నుంచి ఒక్క ఒక్కపొద్దు తప్పనివాడు హొన్నూరప్ప. ఊరికి పెద్ద. కంబళి షావలి సమాధికి దీపం పెట్టేది ఆయనే. వలీ అయిన ఆ పుణ్యపురుషుడు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చాడు అన్నది వేరే కథ, దానికి ఇక్కడ చోటు చాలదు.

హొన్నూరప్ప ఒక్కపొద్దు నిక్కమైనదే. కాకపోతే ఆయన తన దానితో ఆగేవాడు కాదు, ఊరందరి ఒక్కపొద్దులకూ కాపలా కాసేవాడు. దారిన పోయేవాణ్ణి ఆపి నాలుక చూపించమనేవాడు. తడిగా కనిపిస్తే ఆ మనిషి పని అయిపోయినట్టే. ఒకసారి ఇమాంసా అనే ముసలాయన చింతచిగురు నములుతూ దొరికితే, "ఏమబ్బా, ఈ పూట ఒక్కపొద్దు నీ మేకను ఉండమన్నావా?" అని రచ్చలో అందరూ నవ్వేలా అన్నాడు. ఇమాంసాకు కడుపులో పుండు. ఆ సంగతి తెలిశాక కూడా హొన్నూరప్పకు మనసులో గుచ్చుకోలేదు. తన ఇంట్లో మాత్రం ఆడ, మగ ఎవరి ఒక్కపొద్దూ ఏనాడూ పోలేదని నలుగురిలో చెప్పుకునేవాడు.

ఒక రంజాన్‌లో, శుక్రవారం నమాజు ముగిసి మగవాళ్లంతా ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నారు. ఏదో పని మీద హొన్నూరప్ప ఇంటి వెనక్కి పోతే, పత్తి నింపిన బోరేల చాటున చిన్న కోడలు మాబున్ని చెంబెత్తి నీళ్లు తాగుతూ కనిపించింది. ఆమె తెల్లవారుజామున అందరితో లేచి సహరీ అన్నం తిన్న మనిషి. హొన్నూరప్పకు ఒళ్లు మండింది. చెంబు లాక్కుని, ఆమెను వాకిట్లోకి రమ్మని, ఆ నీళ్లను అందరి ముందూ నేల మీద కుమ్మరించాడు.

"నీళ్లు దేవుడు ఇచ్చినాడు. నీకు సిగ్గు ఎవరు ఇయ్యాల?" అన్నాడు.

మాబున్ని మొగుడు నబీసా అక్కడే తండ్రి విల్లుకు నారి బిగిస్తూ ఉన్నాడు. తల ఎత్తలేదు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, అదే ఎండలో ఏటి ఇసుక దాటి పుట్టింటికి వెళ్లిపోయింది.

హొన్నూరప్ప భార్య సైదమ్మ ఆ పూట పొరుగూరు వెళ్లి ఉంది. సాయంత్రం వచ్చి సంగతి విని, నేరుగా మొగుడి దగ్గరికి వెళ్లింది. ఈ తర్వాతి మాటలు తరతరాలుగా ఆడవాళ్ల మధ్యనే చెప్పుకున్నవి. మాబున్ని వంశంవారు చెప్పమన్నారు కనుకనే ఇక్కడ అచ్చవుతున్నాయి.

"ఆడదానికి నెలలో కొన్నాళ్లు ఒక్కపొద్దు లేదు, తర్వాత ఉండి తీర్చుకోవాలని ఖాజీ చెప్తే తల ఊపినావు కదా," అంది సైదమ్మ. "నీ ఇంటి ఆడోళ్లు ఆడోళ్లు కారనుకున్నావా? నేనూ నీ కాపురానికి వచ్చిన కాడి నుంచి ఇట్లనే చాటున తాగినా. నువ్వు చూడలేదు, అంతే."

ఆ నియమం హొన్నూరప్పకు తెలియనిది కాదు. కానీ ఆ ఇంటి ఆడవాళ్లు మగవాళ్ల ముందు సిగ్గుపడి, ఉండనక్కరలేని రోజుల్లో కూడా సహరీకి లేచి కూర్చునేవారు. అది చూసి ఆయన గర్వపడ్డాడు. ఆ గర్వంతోనే చెంబు కుమ్మరించాడు. కొడుకును పిలిచి నీకు తెలుసా అని అడిగాడు.

"తెలుసు నాయనా," అన్నాడు నబీసా. "మగోళ్ల ముందర ఆ మాట ఎట్ల చెప్పేది?"

అప్పుడు సందెవేళ అయింది. ఒక్కపొద్దు విడవడానికి హొన్నూరప్ప నీళ్లు నోట్లో పోసుకున్నాడు. నీళ్లు గొంతు దిగలేదు. ఖర్జూరం దిగింది, గంజి దిగింది, నీళ్లు మాత్రం గొంతులో నిలిచి వెనక్కి వచ్చాయి. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. తడి గుడ్డ పెదవులకు అద్దుకుని, ఎవరికీ చెప్పుకోలేక, వచ్చినవారికి మొహం చూపలేక ఆయన దూది గదిలోనే ఉండిపోయాడు. ఎవరి నాలుకా చూడలేదు. ఇమాంసా పలకరించడానికి వస్తే ఇంట్లో లేనని చెప్పించాడు.

ఒక మధ్యాహ్నం దూది కుప్ప మీద కునుకు పట్టింది. కలలో కంబళి కప్పుకున్న పెద్దమనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నీ కడుపు ఒక్కపొద్దు ఉంది. బాగుంది," అన్నాడు. "నీ కళ్లు ఎప్పుడు ఉంటాయి? నీ నాలుక ఎప్పుడు ఉంటుంది? పో, కుమ్మరించిన నీళ్లు ఎవరివో వాళ్లకు ఇయ్యి."

హొన్నూరప్ప లేచి, చెప్పులు కూడా మరిచి, కాలే ఇసుకలో ఏరు దాటాడు. వియ్యంకుడి వాకిట్లో బంధువులు చాలామంది ఉన్నారు. అందరిలో అవమానించాను కనుక అందరిలోనే చెప్పుకోవాలనుకున్నాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, మా కోడలు ఆ రోజు నీళ్లు ఎందుకు తాగిందంటే, అని మొదలుపెట్టాడు.

తలుపు వెనక నుంచి మాబున్ని గొంతు వినిపించింది.

"చాలు మామా. మళ్లీ నలుగురిలో నా సంగతి ఎత్తొద్దు."

మొదటి తప్పును దిద్దబోయి అదే తప్పును మళ్లీ చేయబోయానని హొన్నూరప్పకు అప్పుడు తెలిసింది. చేతిలో తలపాగాను ఏం చేయాలో కూడా తోచలేదు. ఆమే మళ్లీ అంది:

"నా కోసం ఏమన్నా చేయాలనుకుంటే నీళ్లు పెట్టు. ఎవరు తాగినారో చూడనని నువ్వు అంటేనే పెట్టు."

ఆయన తిరిగి వచ్చి ఊరివాళ్లను పిలిచాడు. చూడకూడనిది చూశాను, అనకూడనిది అన్నాను, తప్పు నాది అని మాత్రం చెప్పాడు. ఏమిటా సంగతని గుచ్చి గుచ్చి అడిగారు. కోడలు ఏం చేసిందని కొందరు, మామకు మతి పోయిందని కొందరు అనుకున్నారు. ఆయన నోరు విప్పలేదు. ఇమాంసా ఇంటికి వెళ్లి, ఆ ముసలాయన వద్దంటున్నా వినకుండా, కాళ్ల దగ్గర కూర్చుని వచ్చాడు. తర్వాత దర్గా వెనక గోడకు తూము తొలిచి, అవతల కుండ పెట్టించి, తడికలు కట్టించాడు. తొలి బిందె పోసి, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చాడు. ఆ సాయంత్రం నీళ్లు గొంతు దిగాయి.

బతికినన్నాళ్లూ రంజాన్‌లో ఆ నీళ్లు ఆయనే పోశాడు. పోసేటప్పుడు అవతల గాజుల చప్పుడు వినిపిస్తే బిందె దించేసి దూరం జరిగేవాడట. మాబున్ని ఎప్పుడైనా వచ్చి తాగిందా అన్నది ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని ఎంత ఉన్నా అడగలేదు. ఆమె మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. నబీసాయే ఏరు దాటి వెళ్లి, ఆ ఊళ్లో పరాయివారి దూది ఏకుతూ ఆమెతో బతికాడు.

నేటికీ మాట తూలి ఎవరి మనసైనా నొప్పించినవారు, మతంతో పని లేకుండా, ఇక్కడికి వచ్చి నీళ్లు పోస్తారు. ఏం తప్పు చేశారో దర్గాలో ఎవరూ అడగరు. నోటి దురుసు తగ్గుతుందని, విడిపోయిన ఇళ్లు కలుస్తాయని నమ్మకం. కలవని ఇళ్లు కూడా ఉన్నాయి. అయినా వారు మరుసటి ఏడు మళ్లీ వచ్చి పోస్తారు.

హొన్నూరప్ప పోయే ముందు పంపకాలు చేశాడు. ఏటి ఒడ్డు చేను పెద్ద కొడుకు లాలప్పకు వచ్చింది. ఇల్లు సైదమ్మకు, ఆమె తర్వాత ఆమె కూతుళ్లకు. కుండ మార్చే హక్కు, తడికలు కట్టే హక్కు, దర్గా తాళంచెవి మాబున్నికి, ఆమె తర్వాత ఆమె ఆడపిల్లలకు, వారి ఆడపిల్లలకు. ఇప్పటికీ తాళంచెవి వారి కొంగునే ఉంది. నబీసాకు తండ్రి విల్లు ఇస్తామన్నారు. చెంబు నీళ్లు కుమ్మరించిన ఆ రోజు తల దించుకుని దానికే నారి బిగించుకుంటూ కూర్చున్నానని చెప్పి, అతను దాన్ని ముట్టుకోలేదు. అతనికి ఏమీ రాలేదు.